ఎయిర్ ఫిల్టర్ల మార్పిడికి 3,504 రూపాయల ఎస్టిమేట్: ఇందులో ఎంత అవసరం, ఎంత అదనం?

మానేరు తీరం (కరీంనగర్):

సభ్యులందరికీ నమస్కారం. మాది 2019 మోడల్ చిన్న పెట్రోలు కారు. ఇప్పటికి 46,200 కిలోమీటర్లు తిరిగింది, వారంటీ గడువు ముగిసింది. ఉద్యోగానికి వెళ్లి రావడానికి రోజూ 44 కిలోమీటర్లు నడుపుతాను. అందులో ఆరేడు కిలోమీటర్లు గ్రానైట్ లారీలు తిరిగే దారి. మా ప్రాంతపు టాన్ బ్రౌన్ రాయి గురించి తెలిసినవారికి ఆ దారి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. లారీ వెనక పడ్డామంటే అద్దాలన్నీ ఎక్కించుకున్నా డ్యాష్‌బోర్డు మీద సన్నటి బూడిద రంగు పొర పేరుకుంటుంది.

గత శనివారం సర్వీసుకు ఇచ్చినప్పుడు సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేసి, ఇంజిన్ ఎయిర్ ఫిల్టరూ ఏసీ ఫిల్టరూ రెండూ పూర్తిగా మూసుకుపోయాయని, వెంటనే మార్చకపోతే మైలేజీ పడిపోతుందని, ఏసీలో గాలిని చల్లబరిచే కాయిల్ కూడా పాడవుతుందని చెప్పారు. వాట్సాప్‌లో నల్లగా మాసిపోయిన ఒక ఫిల్టరు ఫొటో పంపారు. అది మా కారులోదేనా అని అడగాలని ఆ క్షణంలో నాకు తోచలేదు. ఎస్టిమేట్‌లో ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు 480, ఏసీ ఫిల్టరు 690, రెండింటికీ కలిపి లేబరు 350, ఏసీ కాయిల్ శుభ్రం చేసి మందు కొట్టడానికి 1,450 రూపాయలు వేశారు. వీటి మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కలిపి 3,504 రూపాయల 60 పైసలు అయింది. ఆయిల్ మార్పు వరకే చేయమని, ఫిల్టర్ల సంగతి తర్వాత చెబుతానని కారు తెచ్చేసుకున్నాను.

ఇంటికి వచ్చి పాత బిల్లులు తిరగేశాను. ఇంజిన్ ఎయిర్ ఫిల్టరును 31,000 కిలోమీటర్ల దగ్గర, అంటే 14 నెలల కిందట మార్చారు. ఏసీ ఫిల్టరు మార్చినట్లు ఏ బిల్లులోనూ లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మార్చలేదన్నమాట. ఇది చూసి నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే మా ఏడేళ్ల పాపకు పిల్లికూతలు ఉన్నాయి, రోజూ ఉదయం బడికి ఈ కారులోనే వెళుతుంది.

తెలిసినవారు దయచేసి చెప్పగలరు. ఈ రెండు ఫిల్టర్లూ ఇప్పుడే మార్చాలా? ఈ ధరలు సబబేనా? బయటి దుకాణంలో కొని నేనే బిగించుకోవచ్చా? ఫిల్టరు మాసిపోతే మైలేజీ పడిపోతుందన్న మాట ఎంతవరకు నిజం?

ఆటోనగర్ మెకానిక్ (విజయవాడ):

మానేరు తీరం గారికి నమస్కారం. జవహర్ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, కనుక చేతితో చూసిన సంగతులే రాస్తాను.

ముందుగా ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు బానెట్ కింద నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, దాని పని ఇంజిన్ పీల్చుకునే గాలిలోని దుమ్మును ఆపడం. ఏసీ ఫిల్టరు చాలా కార్లలో ఎడమవైపు గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది, అది కారులో కూర్చున్న మనుషుల కోసం. మొదటిది పాడైతే నష్టం ఇంజినుకు, రెండోది పాడైతే నష్టం మీ పాపకు. కాబట్టి మీరు చెప్పిన వివరాలను బట్టి ఏసీ ఫిల్టరు విషయంలో రెండో ఆలోచన వద్దు, ఈ వారమే మార్చండి. ఏడాదికో, పది పన్నెండు వేల కిలోమీటర్లకో ఒకసారి మార్చవలసిన వస్తువు అది. పాత కార్లలో, తక్కువ వేరియంట్లలో కొన్నింటికి అసలు ఆ ఫిల్టరే పెట్టకుండా ఖాళీ గూడు మాత్రమే వదిలేసినవి నేను చూశాను. మీ దాంట్లో ఉందో లేదో ముందు తెరిచి చూసుకోండి.

ఇంజిన్ ఫిల్టరు సంగతి వేరు. కారుతో ఇచ్చిన పుస్తకంలో సర్వీసు పట్టిక ఉంటుంది. మంచి తారు రోడ్ల మీద తిరిగే బండికి ఒక లెక్క, దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఇంకో లెక్క అని అందులో విడిగా రాస్తారు. తారు రోడ్డు లెక్కన చాలా చిన్న పెట్రోలు కార్లకు 30,000 నుంచి 40,000 కిలోమీటర్ల దాకా మార్చనక్కరలేదు, మధ్యలో తీసి దులిపితే సరిపోతుంది. మీది గ్రానైట్ దారి కాబట్టి ఆ లెక్క మీకు వర్తించదు. మరీ 15,000కే మార్చి తీరాలని కూడా కాదు. ప్రతి 5,000 కిలోమీటర్లకు తెరిచి చూసి, దాని స్థితిని బట్టి నిర్ణయించాలి.

చూడటం ఎలాగో చెబుతాను. డబ్బా క్లిప్పులు విప్పి, మూత ఎత్తి, ఫిల్టరును బయటికి తీస్తే దాని పైముఖం, అడుగు ముఖం రెండూ కనిపిస్తాయి. ఒకవైపు మురికిగా, రెండోవైపు తెల్లగా ఉండాలి. మురికి వైపు నేలకు ఉంచి మెల్లగా తట్టండి. పైపైన ఉన్న దుమ్ము రాలిపోయి కాగితం రంగు బయటపడితే ఇంకా ప్రాణం ఉన్నట్లే. తట్టినా మడతల లోయల్లో నల్లగానే ఉండిపోతే, నూనె మరకలు ఉంటే, తడిసి ఆరిన గుర్తులు ఉంటే మార్చేయండి. తరువాత అసలు పరీక్ష ఒకటుంది, దీన్ని ఎవరూ చేయరు. ఫిల్టరు డబ్బా నుంచి ఇంజిన్ వైపు పోయే రబ్బరు గొట్టం లోపల శుభ్రమైన తెల్ల గుడ్డ చుట్టిన వేలితో తుడిచి చూడండి. గుడ్డకు సన్నటి దుమ్ము అంటితే ఫిల్టరు సరిగ్గా కూర్చోలేదని, దుమ్ము పక్కదారిన లోపలికి పోతోందని అర్థం. రాతి దుమ్ములో ఉండేది ఇసుక జాతి పదార్థం. అది సిలిండరు గోడల మీద, పిస్టన్ రింగుల మీద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. కొంతకాలానికి ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఆ మరమ్మతు ఖర్చు వేలల్లో ఆగదు.

పంక్చర్ షాపులో కంప్రెసరు గాలి కొట్టించే అలవాటు చాలామందికి ఉంది. కొట్టిస్తే శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు, దూరం నుంచి, తక్కువ ఒత్తిడితో మాత్రమే కొట్టించాలి. దగ్గరగా పెట్టి కొడితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. నీళ్లతో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కడగకూడదు. ఏసీ ఫిల్టరుకైతే గాలి కొట్టడం కూడా దండగే. వాటిలో చాలావరకు సన్నటి ధూళిని పట్టుకోవడానికి విద్యుదావేశం ఎక్కించిన దూది లాంటి పదార్థంతో చేస్తారు, కడిగితే ఆ గుణం పోయి వట్టి గుడ్డ మిగులుతుంది.

మైలేజీ విషయంలో మీ అడ్వైజర్ చెప్పినది, పెట్రోలును గాలితో కలపడానికి పాత బండ్లలో వాడిన కార్బొరేటరు రోజుల మాట. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కారులో ఎంత గాలి వస్తోందో సెన్సరు చూసి, దానికి తగినంత పెట్రోలే కంప్యూటరు వదులుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇదే విషయాన్ని పరీక్షించింది. ఫిల్టరు బాగా మూసుకుపోయినా ఇలాంటి కార్లలో ఇంధన వాడకం చెప్పుకోదగినంత మారలేదు, వేగం అందుకోవడం మాత్రం మందగించింది. మన అనుభవమూ అదే. లారీని దాటడానికి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు బండి బరువుగా కదులుతుంది. సింగిల్ రోడ్డు మీద అదేమీ చిన్న విషయం కాదు.

ధరలకు వస్తే, మా దగ్గరకు వచ్చే చిన్న పెట్రోలు కార్లలో ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు 250 నుంచి 600 వరకు, ఏసీ ఫిల్టరు 300 నుంచి 800 వరకు ఉంటుంది. వాసనను కూడా పీల్చే బొగ్గు రకం ఏసీ ఫిల్టరు కావాలంటే రెండు మూడు వందలు ఎక్కువ. కాబట్టి మీ విడిభాగాల ధరలు పరిధిలోనే ఉన్నాయి. లేబరు 350 మాత్రం పది నిమిషాల పనికి ఎక్కువ. పైగా ఇంజిన్ ఫిల్టరును తీసి చూడటం మామూలు సర్వీసు పనుల్లోనే ఉంటుంది. ఏసీ కాయిల్ మందు 1,450 ఇప్పుడు అక్కరలేదు. కొత్త ఫిల్టరు వేశాక కూడా ముక్కవాసన వస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

లెక్కల మాస్టారు (హనుమకొండ):

మెకానిక్ గారు పనితనం గురించి చెప్పిన తరువాత నేను చేర్చగలిగింది లెక్క ఒక్కటే. కాని ఈ ఎస్టిమేట్‌లో లెక్కే ముఖ్యమైనదని నాకు అనిపిస్తోంది.

480, 690, 350, 1,450 కలిపితే 2,970 రూపాయలు. దానిపై 18 శాతం 534 రూపాయల 60 పైసలు. మీరు చెప్పిన మొత్తం సరిగ్గా వచ్చింది. అంటే వారు విడిభాగాల ధర మీద కూడా పన్ను వేశారు. ఇక్కడ మీరు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ 480, 690 అనేవి పన్నుకు ముందు ధరలా, లేక ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలా? ప్యాకెట్ చేసిన వస్తువు మీద ముద్రించే ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. కారు ఫిల్టరు కూడా అట్టపెట్టెలో వచ్చే వస్తువే. అందువల్ల ఆ పెట్టె మీద 480 అని ఉంటే మీరు చెల్లించవలసినది 480 మాత్రమే. దాని మీద మళ్లీ పన్ను కలిపితే, రెండు ఫిల్టర్లకు కలిపి 1,170 మీద 18 శాతం, అంటే 210 రూపాయల 60 పైసలు అదనంగా తీసుకున్నట్లు అవుతుంది. లేబరు మీద, శుభ్రం చేసే పని మీద 18 శాతం జీఎస్టీ న్యాయమైనదే. అలాంటప్పుడు సరైన మొత్తం 3,294 రావాలి.

కాబట్టి సర్వీసు కేంద్రానికి వెళ్లి పెట్టెలు చూపించమని మర్యాదగా అడగండి. గొడవ పడనక్కరలేదు. చాలాసార్లు బిల్లింగు కంప్యూటరులో ధరను తప్పు గడిలో ఎక్కించడం వల్ల ఇలా జరుగుతుంది. అడిగినా సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు ఇవ్వవచ్చు.

బయట బిగిస్తే వారంటీ పోతుందన్న భయం గురించి కూడా ఒక మాట. మీ వారంటీ ముగిసింది కనుక మీకు ఇబ్బంది లేదు, కాని ఇది చదివే ఇతరులకు ఉపయోగపడుతుంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల తయారీ సంస్థలపై ఇచ్చిన ఉత్తర్వులో, విడిభాగాలను బహిరంగ మార్కెట్లో దొరకకుండా చేయడాన్ని తప్పుపట్టి, మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. బయటి మెకానిక్ దగ్గరకు వెళ్లినంత మాత్రాన వారంటీ రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టకూడదని కూడా అందులో చెప్పింది. తరువాత అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. అయినా వారంటీ ఉన్న కారుకు బయట పని చేయించుకునేవారు విడిభాగం బిల్లు, ఖాళీ పెట్టె దాచుకోవడం మంచిది, రేపు వాదన వస్తే చేతిలో ఆధారం ఉంటుంది.

ఒక చిన్న లెక్క చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో ఉంటుంది కనుక, దానికి దాదాపు 11 కిలోల గాలి, అంటే సుమారు 9,000 లీటర్లు. మీ కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, పోయినసారి ఫిల్టరు మార్చిన తరువాత తిరిగిన 15,200 కిలోమీటర్లకు 950 లీటర్లు తాగి ఉంటుంది. అది పీల్చిన గాలి 8,500 ఘనపు మీటర్లు. పది అడుగులు, పన్నెండు అడుగుల కొలతతో, పది అడుగుల ఎత్తున్న గదులు 250 ఊహించుకోండి. అన్ని గదుల గాలి, అదీ గ్రానైట్ లారీల వెనక గాలి, ఆ అరచేయంత కాగితపు మడతల్లోంచి వెళ్లింది. 480 రూపాయల వస్తువు అంతటి పని చేస్తోందని గుర్తుపెట్టుకుంటే, దాన్ని దండగ ఖర్చు అనుకోవడానికి నాకు మనసు ఒప్పదు.

బొగ్గుగని ఇల్లాలు (గోదావరిఖని):

మెకానిక్ గారి మాటలో ఒకదానితో నేను ఏకీభవించలేకపోతున్నాను. ప్రతి 5,000 కిలోమీటర్లకు తెరిచి దులిపి మళ్లీ పెట్టమంటున్నారు. మా ఊరి బొగ్గు దుమ్ములో ఏళ్లుగా డీజిల్ కారు నడిపిన అనుభవంతో చెబుతున్నాను, మాటిమాటికీ తెరిచి మూయడం వల్లనే మాకు నష్టం జరిగింది. నీళ్ల సర్వీసు చేయించిన ప్రతిసారీ అక్కడి కుర్రవాడు ఫిల్టరు తీసి, గాలి కొట్టి, తొందరలో ఒక క్లిప్పు సరిగ్గా పడకుండానే మూసేవాడు. ఏడాది తరువాత, ఇంజినులోకి గాలిని ఒత్తి పంపే టర్బో గొట్టంలో సన్నటి దుమ్ము కనిపించింది. పైగా కొద్దిగా మాసిన ఫిల్టరు కొత్తదానికంటే సన్నటి ధూళిని బాగా ఆపుతుందని తరువాత తెలిసింది. మడతల మీద పేరుకున్న దుమ్మే ఇంకో జల్లెడగా మారుతుందట. అందువల్ల నేను ఇప్పుడు మధ్యలో ఎవరినీ తాకనివ్వను. 15,000 కిలోమీటర్లకు ఒకసారి నేరుగా కొత్తది వేయిస్తాను, మా కారుకు 850 రూపాయలు అవుతుంది.

నకిలీల గురించి కూడా హెచ్చరించాలి. ఒకసారి తక్కువ ధర చూసి ఆన్‌లైన్‌లో 160 రూపాయలకు ఒక ఫిల్టరు తెప్పించాను. పెట్టె మీద ముద్ర, అక్షరాలు అచ్చం అసలుదానిలాగే ఉన్నాయి. పాతదాని పక్కన పెట్టి మడతలు లెక్కపెడితే కొత్తదానికి పదకొండు తక్కువ వచ్చాయి. చుట్టూ ఉండవలసిన మెత్తటి రబ్బరు అంచు గట్టిగా, అట్టలాగా ఉంది. డబ్బాలో పెట్టి మూత వేస్తే ఒక మూల చిటికెన వేలి గోరు దూరేంత సందు మిగిలింది. అప్పటినుంచి బాష్, ప్యూరొలేటర్, మాన్, ఎలోఫిక్ వంటి పేరున్న కంపెనీల సరుకైనా సరే, ముఖం తెలిసిన దుకాణంలోనే, బిల్లు తీసుకునే కొంటున్నాను.

మానేరు తీరం గారూ, పాప విషయంలో ఒక సలహా. లారీల దారిలో వెళ్లేటప్పుడు బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటను నొక్కి ఉంచండి. చాలా కార్లలో ఆ గాలి కూడా ఫిల్టరు గుండానే తిరుగుతుంది కనుక, కొన్ని నిమిషాల్లో లోపల శుభ్రపడుతుంది. ఆ దారి దాటగానే మళ్లీ బయటి గాలికి మార్చండి, ఎక్కువసేపు మూసి ఉంచితే మబ్బుగా, తలనొప్పిగా ఉంటుంది.

మానేరు తీరం:

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నిన్న ఆదివారం ఉదయం స్వయంగా తెరిచి చూశాను. జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

ముందుగా గ్లవ్ బాక్సు ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కగా అది కిందికి వాలింది. వెనక ఒక చిన్న ప్లాస్టిక్ మూత. దాన్ని తీసి ఫిల్టరును బయటికి లాగుతుంటే ముందుగా నా ఒళ్లో రాలినవి ఎండిన వేపాకులు. మా వాకిట్లో వేపచెట్టు కిందనే కారు నిలుపుతాము. ఆకుల తరువాత ఫిల్టరు వచ్చింది. దాని అసలు రంగు తెలుపని ఒక మూల మాత్రమే తెలుస్తోంది, మిగతాదంతా తడి బూడిద రంగులో, చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంది. మడతల మధ్య దూది, వెంట్రుకలు, చిన్న పురుగుల రెక్కలు ఇరుక్కుని ఉన్నాయి. నా భార్య చూసి ఒక్క మాట కూడా మాట్లాడకుండా పాపను లోపలికి తీసుకువెళ్లింది. దాన్ని అక్కడే చెత్తబుట్టలో వేశాను. సర్వీసు కేంద్రం పంపిన ఫొటో దీనిది కాదు, ఆకారం వేరుగా ఉంది. అయినా వారు మార్చాలని చెప్పినది మాత్రం నిజమే.

ఈ రోజు ఉదయం అక్కడికి వెళ్లి మాస్టారు చెప్పినట్లు పెట్టెలు చూపించమని అడిగాను. రెండింటి మీదా అన్ని పన్నులతో కలిపి 480, 690 అనే ముద్రించి ఉంది. బిల్లింగు గుమాస్తా చూసి, ధర పొరపాటున పడిందని ఒప్పుకుని సరిచేస్తానన్నారు. నేను వాదించలేదు, కాని పని అక్కడ చేయించుకోలేదు. నగరంలోని విడిభాగాల దుకాణంలో అదే కంపెనీ ఏసీ ఫిల్టరు, సీలు ఉన్నది, 690 మీద పది శాతం తగ్గించి 621 రూపాయలకు ఇచ్చారు. అంచు మీద గాలి ఎటు పోవాలో బాణం గుర్తు ఉంది, అది చూసి బిగించాను. మొత్తం పని ఎనిమిది నిమిషాలు. ఏసీ వేయగానే మూడో నంబరులో రావలసిన గాలి రెండో నంబరులోనే వచ్చింది.

ఇక ఇంజిన్ ఫిల్టరు దగ్గర నాకు అనుమానం మిగిలింది. ఒకవైపు బూడిద రంగు దుమ్ము ఉన్నా, తట్టగానే చాలావరకు రాలింది, కాగితం కనబడింది. మడతల లోపల కూడా మరీ నల్లగా లేదు. కాని శుభ్రమైన వైపు కుడి మూల దగ్గర, రబ్బరు అంచు ఒక అంగుళం మేర లోపలికి మడిచిపోయి ఉంది. ఆ మడత నుంచి తెల్ల కాగితం మీదికి పెన్సిలుతో గీసినట్లు సన్నటి దుమ్ము గీత ఒకటి ఉంది. గొట్టంలో గుడ్డతో తుడిస్తే చాలా కొద్దిగా, కాని అంటింది. అంచును సరిచేసి అదే ఫిల్టరును మళ్లీ పెట్టవచ్చా? లేక మార్చాలా?

ఆటోనగర్ మెకానిక్:

వెంటనే మార్చండి, ఇందులో సందేహం లేదు. అది మాసిపోయినందుకు కాదు. 14 నెలలు అలా నొక్కుకుపోయి ఉన్న రబ్బరు మళ్లీ పూర్వపు ఆకారానికి రాదు. చేత్తో సరిచేసినా మూత బిగించగానే తిరిగి అక్కడే మడిచిపోతుంది. మీరు చూసిన ఆ పెన్సిలు గీతే దుమ్ము పక్కదారి పట్టిన ఆనవాలు. పోయినసారి బిగించినవారు అంచును గాడిలో కూర్చోబెట్టకుండానే క్లిప్పులు వేశారు. కొత్తది పెట్టే ముందు డబ్బా అడుగున ఉన్న ఇసుకను, ఆకులను తడి గుడ్డతో తుడవండి, ఊదవద్దు, ఊదితే లోపలి గొట్టంలోకి పోతుంది. గొట్టాన్ని కూడా చేయి అందినంత వరకు అలాగే తుడవండి. ఫిల్టరు పెట్టాక అంచు నాలుగు వైపులా గాడిలో పడిందో లేదో వేలితో తడిమి, అప్పుడు మాత్రమే మూత వేయండి. మూత బలవంతంగా నొక్కితే గాని క్లిప్పు పడటం లేదంటే ఏదో సరిగ్గా లేదని గుర్తు.

గుడ్డకు అంటినది కొద్దిగానే అంటున్నారు కనుక కంగారు పడకండి. తరువాతి ఆయిల్ మార్పు దాకా నెలకొకసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూస్తూ ఉండండి. మట్టం తగ్గకుండా ఉంటే ఇంజినుకు పెద్దగా ఏమీ కాలేదని అనుకోవచ్చు.

గోదావరిఖని అక్కగారు చెప్పినదాన్ని ఒప్పుకుంటున్నాను. తెలియని చేతులు పదే పదే తెరవడం కంటే అసలు తెరవకపోవడమే నయం. 5,000 కిలోమీటర్ల లెక్క నేను చెప్పినది సొంతంగా, నెమ్మదిగా చూసుకునేవారికి. ఇతరులకు అప్పగించేవారికి అక్కగారి పద్ధతే మేలు. డీజిల్ బండి గురించి ఆమె చెప్పినది కూడా సరైనదే. టర్బో ఉన్న బండిలో ఫిల్టరు మూసుకుపోతే నల్ల పొగ వస్తుంది, టర్బో మీద భారం పడుతుంది, కాబట్టి పెట్రోలు బండి అంత ఓపిక దానికి పనికిరాదు.

మానేరు తీరం:

ఈ సాయంత్రమే అదే దుకాణంలో ఇంజిన్ ఫిల్టరు తెచ్చాను, 480 మీద పది శాతం తగ్గింపుతో 432 రూపాయలు. డబ్బా అడుగున దాదాపు పావు గిద్దెడు ఇసుక, ఒక ఎండిన తుమ్మెద, రెండు వేపాకులు ఉన్నాయి. తడి గుడ్డతో నాలుగుసార్లు తుడిచాను, నాలుగోసారి గుడ్డ శుభ్రంగా వచ్చింది. రబ్బరు అంచును చుట్టూ వేలితో తడిమి, గాడిలో పడిందని నిశ్చయించుకుని మూత వేశాను. నాలుగు క్లిప్పులూ బలవంతం లేకుండా పడ్డాయి.

రెండు ఫిల్టర్లకూ కలిపి 1,053 రూపాయలు అయింది. ఏసీ కాయిల్ మందు కొట్టించలేదు, ఇంతవరకు వాసన ఏమీ లేదు. రెండు పెట్టెలనూ బిల్లులతో కలిపి దాచాను. మార్చిన తేదీనీ, 46,231 కిలోమీటర్లనూ మార్కరు పెన్నుతో రెండు పెట్టెల మీదా, ఫిల్టరు డబ్బా మూత లోపలి వైపునా రాశాను. రేపటి నుంచి కారును వేపచెట్టు కింద కాకుండా గోడ పక్కన నిలుపుతాము.